మట్టి లేని పాదు

మా అత్త పిచ్చమ్మకూ నాకూ ఆమె బతికినన్నాళ్ళూ పడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆమె అనేది, నాలుక మీదే ఉప్పు ఎక్కువుందని నేను అనేదాన్ని. మాటకు మాట అప్పజెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అయినా ఒక్క విషయంలో మాత్రం ఆమెకు దండం పెడతాను.

పిడుగురాళ్ళలో మా ఇల్లు బండ మీద ఉంది. వెనక తలుపు తీస్తే సున్నపురాతి బండే. గడ్డిపోచ కూడా మొలవదు. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఎర్రగరుసు, లేకపోతే తెల్లసుద్ద. అలాంటి చోటికి మా అత్త ఊరి బయట వాగులోంచి నల్లమట్టి గంపతో నెత్తిన మోసుకొచ్చి పోసింది. వేసవిలో వాగు ఎండినప్పుడల్లా మోసింది. నడినెత్తిన జుట్టు ఊడి బోడి అయ్యేదాకా మోసింది. వెనక తలుపు దగ్గర నుంచి ఆ చివరిదాకా మోకాలెత్తు మట్టి అయింది. వాగు మట్టి కాబట్టి అందులో ఎక్కడ చెయ్యి పెట్టినా తెల్లటి నత్తగుల్లలు తగిలేవి. దాంట్లో చిక్కుడు పాదు పెట్టి పందిరి వేసింది. వీధిలో సగం ఇళ్ళవాళ్ళు మా చిక్కుళ్ళు తిన్నవాళ్ళే.

ఆమె పోయిన మరుసటి వేసవిలో ఆ మట్టిని బ్రహ్మానందం శెట్టి ఎత్తుకుపోయాడు.

మట్టిని ఎత్తుకుపోవడం ఏమిటని నవ్వుతారు. నవ్వండి. మీది కాదుగా పోయింది. శెట్టిది మా వెనకిల్లు. యుద్ధం రోజులు అవి. కిరసనాయిలుకూ చక్కెరకూ కంట్రోలు. రెండూ ఆయన కొట్లోనే దొరికేవి. అందుకని ఊరంతా ఆయన్ను చూసి తలవంచుకుని నడిచేది. చెయ్యి ఆడింది కదా అని ఇల్లు పెంచాలనుకున్నాడు. అదే సమయానికి మా అమ్మకు జబ్బు చేసింది. రెంటచింతల వెళ్ళినదాన్ని తొలకరి దాకా అక్కడే ఉండిపోయాను.

తిరిగొచ్చి వెనక తలుపు తీశాను. పందిరి లేదు. పాదు లేదు. నాకిన పళ్ళెంలా బండ మెరుస్తోంది. నా గుమ్మానికి చాప పరిచినంత దూరంలో రాతి గోడ నిలబడి ఉంది. పైకి సున్నం పూత తెల్లగా తళతళలాడుతోంది. దాని పైన మిద్దె, మిద్దె కింద నా వైపుకే ఒక కిటికీ.

మా ఆయన యేసుపాదం సున్నపు బట్టీలో పని చేస్తాడు. ఊళ్ళోనే ఉన్నాడు. అంతా చూశాడు.

"మట్టి తీసుకుపోతుంటే ఏం చేస్తున్నావయ్యా?" అన్నాను.

"వద్దని చెప్పానే. వాళ్ళు వినలా," అన్నాడు ఆయన.

ఆయన చెప్పడం నాకు తెలుసు. పిల్లి కూడా లేచి పోదు ఆ గొంతుకి. నేనే వెళ్ళాను. శెట్టి కొట్లో గద్దె మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"శెట్టిగారూ, మా అత్త మట్టి ఏది?"

"మట్టా? బండ మీద మట్టెక్కడన్నా ఉంటదా?"

"మా చిక్కుడు పాదు ఏది?"

"ఎండిపోయిన తీగేదో ఉంటే కూలోళ్ళు పీకినట్టున్నారు. ఏమే ఆరోగ్యమ్మా, పిడికెడు చిక్కుడుకాయలకు ఇంత రాద్ధాంతమా? ఇంకో మాట. ఆ మిగిలిన బండ మీద గొడ్ల చావిడి వేయిస్తున్నా. మీ వెనక తలుపు మూసేసుకోండి, పేడ కంపు కొడతది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మట్టి పోయింది. ఇప్పుడు చోటు కూడా పోతుందట. వెనక తలుపు మూస్తే మా ఇంట్లోకి గాలి లేదు, వెలుతురు లేదు, అంట్లు తోముకోవడానికి జానెడు జాగా లేదు. ఇల్లు కాదు, పెట్టె అవుతుంది.

మా వీధి తగువులన్నీ గోపాలరావు గారు తీరుస్తారు. పెద్దాయన, నిదానస్థుడు. ఎవరి ఇంటా కాఫీ చుక్క కూడా ముట్టరు. ఆయన అరుగు దగ్గర పంచాయితీ పెట్టించాను. మా చిక్కుళ్ళు తిన్న నోళ్ళన్నీ అక్కడికి వచ్చాయి. ఒక్క నోరూ తెరుచుకోలేదు. జక్కయ్య బాబాయి "నాకు చూపు ఆనట్లేదమ్మా" అన్నాడు. సైదాబీ కొంగు కొస మెలిపెడుతూ నేల చూసింది. కిరసనాయిలు చుక్క శెట్టి చేతిలో ఉంటే వీళ్ళ కళ్ళల్లో వెలుగు ఎక్కడ నుంచి వస్తుంది!

గోపాలరావు గారు తీర్పు చెప్పారు.

"మన పక్క పద్ధతి మీకందరికీ తెలుసు. పాదు కాసిన చోటు దొడ్డి, పాదు లేని చోటు బండ. దొడ్డికి యజమాని ఉంటాడు. బండ ఎవరి గోడ కింద ఉంటే వాళ్ళది. ఆరోగ్యమ్మా, మట్టి ఉండేదంటున్నావు, మీ ఇంటివాళ్ళ మాట తప్ప సాక్ష్యం లేదు. శెట్టి లేదంటున్నాడు, దానికీ సాక్ష్యం లేదు. కార్తీక పున్నమి వెళ్ళాక వచ్చి హద్దురాయి పాతిస్తాను. అప్పటికి అక్కడ వేరూని, కాయ కాసిన పాదు నీదుంటే దొడ్డి నీది. లేకపోతే బండ ఆయనది."

శెట్టి పగలబడి నవ్వాడు.

"మట్టి లేకుండా పాదు పెట్టు, చూద్దాం!"

ఆ మాట నాకు పుండు మీద కారం చల్లినట్టు తగిలింది. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. వాగుకు వెళ్ళి గంపెడు మట్టి తెచ్చుకోలేనా? తెచ్చుకోగలను. తేను. పిడికెడు మట్టి వెయ్యకుండానే పాదు పెడతాను. అదీ నా ఇంటి గోడకు కాదు, వాడి గోడకే ఎక్కిస్తాను. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అంటారే, అది.

ఒక పక్క పెంకు ఊడిపోయిన పాత బాన ఒకటి అటక మీద ఉంటే దింపాను. పగిలిన పక్కను శెట్టి గోడకు ఆనించి పెట్టాను, లోపలిది బయటకు జారకుండా. గొడ్ల పాకలు ఊడ్చిన పెంట, రాలిన వేపాకు, వేరుశనగ తొక్కు, కుళ్ళిన వరిగడ్డి కలిపి బాన నిండా కూరి నీళ్ళు పోశాను. కొన్నాళ్ళకు అది ఆవిరి కక్కి, చల్లారి, మెత్తబడి చేతికి గుల్లగా వచ్చింది. చిక్కుడు గింజలు మూటలోంచి తీసి నానబెడదామని ముంతలో నీళ్ళు కూడా పోశాను.

అప్పుడు ఆ కిటికీలోంచి శెట్టి కోడలు శివపార్వతి పిలిచింది.

"పిన్నీ, మీ ఇంట్లో పుల్లగోంగూర ఉందా? పచ్చిదే ఇయ్యి. మా అత్తకు చెప్పమాక."

కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. మొహం పాలిపోయి ఉంది. కానీ ఆ పాలిపోయిన మొహం మీద సంతోషం దాగడం లేదు. పెళ్ళయిన చానాళ్ళకు నెల తప్పిందన్నమాట. మొక్కని దేవుడు లేడు పాపం. గోంగూర తెచ్చి ఊచల్లోంచి ఇచ్చాను. పిల్ల ఆకులు ఆకులుగానే నమిలింది. మనస్ఫూర్తిగానే సంతోషించాను, అబద్ధం ఎందుకు? సంతోషించి, లోపలికొచ్చి, చిక్కుడు గింజలు మళ్ళీ మూట కట్టేశాను.

సైదాబీ దగ్గరకు వెళ్ళి బూడిద గుమ్మడి గింజలు అడిగి తెచ్చాను.

ఎందుకంటే వాళ్ళ ఇంటి ఆచారం నాకు తెలుసు. ఇంట్లో ఆడమనిషి కడుపుతో ఉంటే గుమ్మడి మీద కత్తి పెట్టరు. తీగ కొయ్యరు, పీకరు, కూలివాడి చేత కూడా కోయించరు. కోస్తే కడుపుకు కీడంటారు. మేము క్రైస్తవులం, మాకు ఆ నమ్మకం లేదు. వాళ్ళకు ఉంది. నాకు అది చాలు.

మా ఆయనకు చెబితే మొహం మాడ్చుకున్నాడు.

"తప్పేమోనే. ఫాదరుగారు పగవాణ్ణి క్షమించమన్నారు గదా."

"క్షమిస్తానయ్యా. ముందు నా చోటు నాకు రానీ, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని క్షమిస్తా."

"మట్టి లేకుండా మొలుస్తదంటావా?"

"నా కడుపులో మంట ఉందిగా, దానికే మొలుస్తది."

మొలిచింది. మంటకు కాదులెండి, పెంట వేడికి. పొద్దునా సాయంత్రం అంట్లు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు అన్నీ దానికే. నీళ్ళు బాన పగులులోంచి కారి గోడ అడుగుకు ఇంకేవి. గోడకు కంది కంప ఆనించి పెడితే తీగ నులితీగలు చుట్టుకుంటూ ఎక్కింది. శ్రావణం వచ్చేసరికి కిటికీ దాకా పోయింది. వినాయక చవితికి మిద్దె అంచు పట్టుకుంది.

శెట్టి అప్పుడు చూశాడు. కొడవలి పట్టుకుని మిద్దె ఎక్కాడు. కింద నేను అంట్లు తోముకుంటూ, తల ఎత్తకుండా, చెవులు మాత్రం పైకి పెట్టుకుని కూర్చున్నాను.

"ఆగండి! మీకేమన్నా మతి పోయిందా?" అని వాళ్ళావిడ వెంకటలక్ష్మి కేక వేసింది. "అది గుమ్మడి తీగ! పిల్ల కడుపుతో ఉంటే కొడవలి ఎట్టా ఎత్తారు?"

కొడవలి గాల్లోనే ఆగిపోయింది. శెట్టి మిద్దె అంచు నుంచి కిందికి నన్ను చూశాడు. నేను కొబ్బరి పీచుతో తపేలా అడుగు బాగా రుద్దాను. అంత తెల్లగా ఆ తపేలా మళ్ళీ ఎన్నడూ తోమలేదు.

సుభానీ అని ఆయన దగ్గర మూటలు మోసే మనిషి ఉన్నాడు. ఎవరికీ తెలియకుండా తీగ కొయ్యమని శెట్టి వాడికి చెప్పి చూశాడు. "అయ్యా, మా ఇంటిదీ నెలలతో ఉంది. ఆ పాపం నాకొద్దు," అని వాడు దండం పెట్టి పోయాడు. వాడే వచ్చి నాకు చెప్పి నవ్వాడు.

ఇక చూడండి నా గుమ్మడి వైభోగం! మిద్దె మీద అప్పడాలు ఎండబెట్టే చోటంతా ఆకులు పరుచుకున్నాయి. వెంకటలక్ష్మి అప్పడాలు చేటలో పెట్టుకుని ఎండ కోసం తిరిగింది. కిటికీలోంచి ఒక కొమ్మ లోపలికి దూరి శెట్టి పడుకునే మంచం కోడుకు చుట్టుకుంది. కిటికీ రెక్క మూయడానికి లేదు. వాన పడితే జల్లు మంచం మీదే. శెట్టి తన ఇంట్లో తానే తీగ దాటుకుంటూ, కాయ తప్పించుకుంటూ, పక్కగదిలో చాప మీద పడుకున్నాడు. ఆయన తుమ్మినప్పుడల్లా నాకు పండగే. ఇంత సంతోషం మంచిది కాదని మా ఆయన గొణిగాడు. పరాయివాడి ఇల్లు పెట్టె చెయ్యాలనుకున్నవాడు తన ఇంట్లో ఇరుక్కుంటే సంతోషించక ఏడవమంటారా?

శివపార్వతి మాత్రం కిటికీ దగ్గర కూర్చుని పిందెలను నిమిరేది. "పిన్నీ, ఇది నిన్న నిమ్మకాయంత ఉంది. ఇవ్వాళ చూడు," అనేది. ఆ పిల్ల మీద నాకు ఏ కోపమూ లేదు. ఆమెను అడ్డం పెట్టుకున్నానని ఒక్కోసారి గుండె గుచ్చుకునేది. గోంగూర ఇంకో గుప్పెడు ఎక్కువ ఇచ్చేదాన్ని.

కార్తీక పున్నమి వెళ్ళింది. గోపాలరావు గారు హద్దురాయి మోయించుకుని వచ్చారు. పంచాయితీలో నోరు మూసుకున్నవాళ్ళంతా తమాషా చూడ్డానికి తయారు. గోడ నిండా ఆకు. మిద్దె అంచున బూడిద పూసుకున్న కాయలు బోర్లించిన బిందెల్లా ఉన్నాయి. గోపాలరావు గారు తల వెనక్కి వాల్చి చూసి మీసం కింద నవ్వుకున్నారు.

"కాసింది, బాగానే కాసింది. ఏం శెట్టీ?"

శెట్టి దీనికోసం ముందే సిద్ధపడి ఉన్నాడు.

"కాసింది, కాదనను. కానీ మీరన్నదేంది? ఆ చోట వేరూనిన పాదు అన్నారు. ఇది బానలో ఉంది. బాన బండ మీద ఉంది. సంతలో బుట్టలో పెట్టిన నారు సంతలో కాసినట్టా?"

అందరూ నా వైపు చూశారు. నా నోటికి మొదటిసారి మాట అందలేదు. ఆ మాటలో న్యాయం ఉంది. పాడు మనిషి నోట్లోంచి వచ్చినా న్యాయం న్యాయమే. మట్టి వెయ్యనని ఒట్టు పెట్టుకున్న నా మూర్ఖత్వమే నా పీకకు చుట్టుకుంది. అందరిలా బండ మీద నాలుగు గంపలు వాగు మట్టి పోసి పెట్టుకుని ఉంటే ఈ మాట వచ్చేది కాదు. నా వెనక తలుపు మూసుకుపోతున్నట్టే కనపడింది నాకు.

"కావాలంటే చూడండి," అన్నాడు శెట్టి పంచె ఎగదోసుకుంటూ. "నేను తీగ కొయ్యటంలా, పీకటంలా. బాన పక్కకు జరుపుతున్నా, అంతే. జరిగిందంటే దీనికి ఇక్కడ వేరు లేనట్టే గదా!"

"వద్దండీ!" అని పైనుంచి వెంకటలక్ష్మి అంది.

"కత్తి పెట్టానా? ఊరుకో నువ్వు," అని రెండు చేతులా బాన అంచు పట్టుకుని లాగాడు.

బాన కదల్లేదు. ఇంకాస్త బలంగా లాగాడు. మొహం కందగడ్డ అయింది. కాలు గోడకు తన్నిపెట్టి మళ్ళీ లాగాడు. బాన ఒక్కసారిగా కదిలింది. దాని పగులులోంచి బొటనవేలంత లావు వేళ్ళు గోడ రాళ్ళ సందులోకి పోయి ఉన్నాయి. వేళ్ళు పట్టిన చోట సున్నం పూత అప్పటికే పెళ్ళలుగా ఊడి ఉంది. వేళ్ళతో పాటు అడుగు వరసలో రాయి ఒకటి ఊడి దబ్బున బండ మీద పడింది. ఆ కన్నంలోంచి మట్టి జలజలా రాలింది.

నల్లమట్టి. తెల్లటి నత్తగుల్లలతో సహా మా అత్త మట్టి.

నా మట్టిని కొత్త గదుల నేల కింద పోయించాడనుకున్నాను నేను. కాదు. సున్నం ఖర్చు మిగుల్చుకోవడానికి నా మట్టినే అడుసు తొక్కించి రాళ్ళ మధ్య పెట్టించి, పైన సున్నం పూయించాడు! నేను రోజూ పోసిన నీళ్ళు ఆ గోడ లోపలికి ఇంకాయి. బానలో మట్టి లేక అల్లాడిన నా తీగ, తన మట్టి ఎక్కడుందో తానే వెతుక్కుని పోయింది.

ఎవరూ ఏమీ అనకముందే శెట్టి అరిచాడు. "ఇది ఆమె మట్టి కాదు!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు! పకపకా నవ్వారు అందరూ. నాకు నవ్వు రాలేదు. ఒంగి ఆ మట్టి పిడికిట్లోకి తీసుకున్నాను. మెత్తగా, చల్లగా ఉంది. ఆ బోడినెత్తి, ఆ గంప కళ్ళ ముందు మెదిలి ఏడుపొచ్చింది. ఆమె పోయిన రోజున కూడా నేను అంత ఏడవలేదు.

గోపాలరావు గారు ఒక నత్తగుల్లను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"సున్నపు బట్టీల ఊళ్ళో ఉండి గోడకు అడుసు పెట్టావా శెట్టీ! అదీ పరాయి దొడ్డి అడుసు!"

"అవునవును, ఇది పిచ్చమ్మ మట్టే," అన్నాడు జక్కయ్య బాబాయి ముందుకొచ్చి.

"చూపు వచ్చిందా బాబాయ్?" అన్నాను. ఆయన మళ్ళీ గుంపులోకి పోయాడు.

"చోటూ ఆరోగ్యమ్మదే, గోడలో మట్టీ ఆరోగ్యమ్మదే," అన్నారు గోపాలరావు గారు. "వేరు ఎక్కడుందో అందరూ చూశారు. హద్దురాయి గోడకు అవతల పాతండి. అమ్మా, ఈ గోడ పడగొట్టిస్తావా?"

పడగొట్టించాలని నా పది వేళ్ళూ దురద పెట్టాయి. గునపం ఇస్తే నేనే మొదలుపెట్టేదాన్ని. తల ఎత్తితే కిటికీలో శివపార్వతి కనపడింది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నన్నే చూస్తోంది. కడుపుతో ఉన్న పిల్ల నెత్తిన గోడ కూల్చేంత దాన్ని కాను.

"గోడ ఉండనియ్యండి. అది నాది, నా తీగను మోస్తది," అన్నాను. "నా మట్టి మాత్రం నాకు కావాల. తీసినంతా మళ్ళీ పొయ్యాల. బండీ మీద కాదు, కూలోళ్ళ చేత కాదు. మా అత్త మోసినట్టు వాగు నుంచి, ఆయన నెత్తినే మొయ్యాల."

"ఏమే, నేనా? గంపా?" అన్నాడు శెట్టి.

"తీసినవాడే పొయ్యాల. అదే న్యాయం," అన్నారు గోపాలరావు గారు.

కోడలు పురుడు పోసుకునేదాకా శెట్టి గడువు అడిగాడు. ఇచ్చాను. మాఘంలో శివపార్వతికి ఆడపిల్ల పుట్టింది. గుమ్మానికి కట్టడానికి బూడిద గుమ్మడికాయ కావాలని వెంకటలక్ష్మి ముందు గుమ్మంలోంచి మా ఇంట్లోకి వచ్చి అడిగింది. కాయ వాళ్ళ మిద్దె మీదే ఉంది, అయినా అడిగి తీసుకోవాల్సిందే. అన్నిటికంటే పెద్దది కోసి ఇచ్చాను. పసిబిడ్డతో నాకేం పగ? బిడ్డను చూసి, బుగ్గ తాకి కూడా వచ్చాను.

తాతది వేరే సంగతి.

ఎండలు ముదిరాక ఒక ఉదయం శెట్టి వచ్చాడు. నెత్తిన తుండుగుడ్డ చుట్టకుదురు, దాని మీద గంప. బజారు మధ్య నుంచి నడిచి వచ్చాడు. వీధి అరుగుల మీద ఒక్క మనిషి కూర్చుని లేడు, అందరూ లేచి నిలబడ్డారు. చెమట కళ్ళల్లోకి కారుతుంటే మా వెనక దొడ్లో గంప దించి, నడుం పట్టుకుని నిలబడ్డాడు.

"ఇదిగో. చాలా?"

నేను గంపలోకి చెయ్యి పెట్టి పిడికెడు తీశాను. వేళ్ళ మధ్య నలిపాను. గరగరలాడింది. ఎర్రగరుసు. మా ఇంటికి కూతవేటు దూరంలో, క్వారీ పక్కన తవ్వింది.

"శెట్టిగారూ, ఇది మా అత్త మట్టి కాదు."

"మట్టి మట్టే గదే! దీనికి రంగులేంది?"

"బండ మీద మట్టే ఉండదన్నారు ఒకప్పుడు. ఇప్పుడు మట్టంతా ఒకటే అంటున్నారు."

గోడ మీద ఎండిన గుమ్మడి తీగ గాలికి గలగలలాడింది. నేను గంపను ఆయన కాళ్ళ ముందు బోర్లించి, దులిపి, ఖాళీ గంప ఆయన చేతికిచ్చాను.

"వాగు అటు," అన్నాను.